పొగాకు పండే ఊళ్ళో సిగరెట్ మానడం: నా అనుభవం

మా ప్రకాశం జిల్లాలో సిగరెట్ మానేస్తానని ఎవరైనా అంటే ముందు నవ్వుతారు. ఇక్కడ వర్జీనియా పొగాకే బతుకుతెరువు. టంగుటూరు, కొండపి వేలం కేంద్రాలకు బేళ్ళు వచ్చే రోజుల్లో రోడ్డు మీద కూడా అదే వాసన. మా నాన్న పొగాకు సాగు మీదే అక్క పెళ్ళి చేశాడు, నన్ను చదివించాడు, ఇంటికి స్లాబు పోయించాడు. ఆయన మాత్రం ఒక్క దమ్ము పీల్చి ఎరగడు. నేను కాలేజీలో అంటించిన సిగరెట్ నలభై దాటాక గానీ ఆర్పలేదు. ఒంగోల్లో నాకు ఎరువులు, పురుగుమందుల కొట్టుంది. కొట్లో నిప్పు వెలిగించకూడదు కాబట్టి పక్కనే ఉన్న టీ బడ్డీ దగ్గరికి వెళ్ళి కాల్చేవాణ్ణి. అలా వెళ్ళడం, రావడం, మళ్ళీ వెళ్ళడం. విడి సిగరెట్లుగానే రోజుకు పాకెట్టున్నర అవుతుండేది.

మానడం గురించి అందరూ చెప్పే మాట ఒకటే. మనసు గట్టిగా ఉండాలి, పంతం పట్టాలి అంటారు. నా మటుకు నాకు ఆ సలహా పనికొచ్చింది తక్కువ. పంతం పట్టినవాడు రెండు రోజులు ఉంటాడు, మూడో రోజు లారీ లేటయిందని ఒకటి వెలిగిస్తాడు, ఇక "నా వల్ల కాదు" అని తీర్మానించుకుంటాడు. ఇందులో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి ఒంటికి నికోటిన్ కావాలి. రెండోది చేతికి, నోటికి, ఆ టైముకి, ఆ మనుషుల మధ్య సిగరెట్ కావాలి. మొదటిదానికి మందుంది. రెండోదానికి మందు లేదు గానీ ఉపాయాలున్నాయి. రెంటినీ విడదీసి చూసిన తర్వాతే నా పని తేలికైంది.

ఎందుకు మానానంటే పెద్ద కథేం లేదు. మెట్లెక్కితే ఆయాసం, పొద్దున్నే దగ్గు. ఛాతీ డాక్టరు ఒక గొట్టంలోకి గట్టిగా ఊదించి, గీతలు చూపించి, "ఇప్పుడు ఆపితే ఇక్కడితో ఆగుతుంది, ఆపకపోతే ఇంకా కిందికి పోతుంది" అన్నారు. తిట్టలేదు, భయపెట్టలేదు. "రోజులో మొదటి సిగరెట్ లేచిన ఎంతసేపటికి?" అని మాత్రం అడిగారు. ఆ ప్రశ్న ఎందుకో అప్పుడు అర్థం కాలేదు. లేచిన అరగంటలోపే వెలిగించేవాళ్ళకు ఒంట్లో అలవాటు బాగా ముదిరినట్టు లెక్కట. మందు మోతాదు దాన్నిబట్టే. నేను పళ్ళు తోముకోకముందే వెలిగించే రకం.

వారం టైమిచ్చి, ఆ వారం ఏమీ తగ్గించొద్దు, రాయండి చాలు అన్నారు. పాత బిల్లు పుస్తకం వెనకవైపు రాశాను. టైము, అప్పుడు ఏం చేస్తున్నాను, ఆ సిగరెట్ నిజంగా కావాలనిపించిందా లేదా. నాలుగైదు రోజులకే ఆ కాగితంలో నా బతుకు కనిపించింది. లేవగానే ఒకటి, అది లేకపోతే దొడ్డికి రాదని నమ్మకం. టీతో ఒకటి. కొట్టు తెరిచాక కంపెనీ వాళ్ళ ఫోను వస్తే ఒకటి. అన్నం తిన్నాక ఒకటి. యూరియా లారీ దిగుతుంటే వరసగా రెండు. పాత బాకీ అడగడానికి రైతు దగ్గరికి వెళ్ళేముందు ఒకటి, ఆయన ఇవ్వకపోతే ఇంకొకటి. "నిజంగా కావాలి" అని రాసుకున్నవి సగం కూడా లేవు. మిగతావన్నీ గ్లాసు చేతిలోకొస్తే చెయ్యి తనంతట తాను జేబులోకి పోయినవే.

ఇక మందు సంగతి. చర్మానికి అంటించుకుంటే నికోటిన్ ఎక్కించే ప్యాచ్ రాసిచ్చారు డాక్టరు. మా ఇంట్లో దీని మీద పెద్ద చర్చే జరిగింది. "నికోటిన్ మానడానికి నికోటినే తినిపించడమేందండీ?" అని మా ఆవిడ. నాన్న మాత్రం ప్యాచ్ చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, చప్పున పట్టేశాడు. పొద్దున్నే మంచుకు తడిసిన పొగాకు ఆకు కోస్తే కూలీలకు వికారం, తల తిరగడం, వాంతులు అవుతాయి. పొగాకు పండించే ఊళ్ళలో అది అందరూ చూసిందే. తడి ఆకులోని నికోటిన్ చర్మంలోంచి ఒంట్లోకి ఎక్కడం వల్ల వచ్చే బాధ అది. "అదే కదా ఇది, కొలిచి ఎక్కిస్తున్నారు" అన్నాడు నాన్న. అంతే. సిగరెట్‌లో మనిషిని కట్టిపడేసేది నికోటిన్. ఊపిరితిత్తుల్ని, గుండెని పాడుచేసి కేన్సర్ తెచ్చేది ప్రధానంగా కాలినప్పుడు వచ్చే తారు, కార్బన్ మోనాక్సైడ్ లాంటివి. ప్యాచ్‌లో పొగ లేదు. పైగా సిగరెట్ నికోటిన్ పదీ పదిహేను సెకన్లలో మెదడుకు చేరుతుంది, ఆ ఊపే మళ్ళీ మళ్ళీ కావాలనిపిస్తుంది. ప్యాచ్ నుంచి నిదానంగా దిగుతుంది కాబట్టి ఆ కిక్కూ లేదు, దాని మీద మోజూ పుట్టదు.

రోజుకు పదికి పైగా కాల్చేవాళ్ళకు మామూలుగా 21 మిల్లీగ్రాముల ప్యాచ్‌తో మొదలుపెట్టి, ఆరు వారాల తర్వాత 14కి, ఆ తర్వాత 7కి దించుతారు. నాకూ అలాగే. వెంట్రుకలు లేని పొడి చోట, భుజం మీదో ఛాతీ మీదో అంటించుకోవాలి. రోజూ చోటు మార్చాలి, లేకపోతే దద్దురు వస్తుంది. దానికి తోడు, సిగరెట్ కోసం తట్టుకోలేనంత లాగినప్పుడు నమలడానికి నికోటిన్ గమ్. ప్యాచ్ ఒక్కటే, గమ్ ఒక్కటే వాడటం కన్నా రెండూ కలిపి వాడితే మానగలిగేవాళ్ళు ఎక్కువ అని డాక్టరు చెప్పారు. 2 మిల్లీగ్రాముల గమ్ మన మందుల షాపుల్లో డాక్టరు చీటీ లేకుండానే ఇస్తారు, 4కి మాత్రం చీటీ కావాలి. లేవగానే కాల్చే నాలాంటి వాళ్ళకు 2 చాలదు. చాలామంది తక్కువ మోతాదు కొనుక్కుని, అదీ రోజుకు రెండు మూడు బిళ్ళలు వాడి, "గమ్ పనిచెయ్యదు" అని పారేస్తారు. పని చెయ్యనిది గమ్ కాదు, ఆ లెక్క.

గమ్ నమిలే పద్ధతి కూడా వేరు. మా బావమరిది దాన్ని మామూలు చూయింగ్ గమ్‌లా కసకసా నమిలి ఎక్కిళ్ళు, కడుపులో మంట తెచ్చుకున్నాడు. రెండు మూడు సార్లు మెల్లగా నమిలితే నోట్లో మిరియం కొరికినట్టు చురుక్కుమంటుంది. అప్పుడు ఆపి బుగ్గన పెట్టాలి. ఆ చురుకు తగ్గాక మళ్ళీ నమిలి రెండో బుగ్గకి. అలా అరగంట. నికోటిన్ ఎక్కేది బుగ్గ లోపలి పొరలోంచే, మింగేస్తే ఉపయోగం లేదు. గమ్‌కి ముందు పావుగంట, నోట్లో ఉన్నంతసేపూ టీ, కాఫీ, సోడా, పండ్లరసం తాగకూడదు. నోరు పులిస్తే మందు లోపలికి పోదు. ఈ మాట డబ్బా మీద ఉన్న చీటీలో ఉంటుంది గానీ, ఆ చీటీ చదివేవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

ప్యాచ్, గమ్ కాకుండా వారెనిక్లిన్, బుప్రోపియాన్ అని మాత్రలూ ఉన్నాయి. అవి డాక్టరు చూసి రాయాల్సినవి. మూర్ఛ ఉన్నవాళ్ళకు బుప్రోపియాన్ ఇవ్వరు. నాకు అవసరం పడలేదు.

కొంచెం కొంచెంగా తగ్గించాలా, ఒక్కసారిగా ఆపాలా అన్నది అందరూ అడిగేదే. 2016లో ఇంగ్లండులో దాదాపు 700 మందిని రెండు జట్లుగా చేసి చూశారట. ఒకరోజు పెట్టుకుని ఒక్కసారిగా ఆపినవాళ్ళే నాలుగు వారాల తర్వాత ఎక్కువమంది నిలబడ్డారు. నేనూ ఒక ఆదివారం పెట్టుకున్నాను, కొట్టు కట్టేసే రోజు. శనివారం రాత్రే యాష్ ట్రే, లైటర్లు, మోటార్ సైకిల్ డబ్బాలో దాచినవి, అన్నీ మా అమ్మాయి చేతికిచ్చాను. ఎక్కడెక్కడ దాచానో నాకన్నా దానికే బాగా తెలుసు.

మొదటిరోజు అనుకున్నంత లేదు. రెండు, మూడు రోజులే అసలైనవి. తలపోటు, చిరాకు, ఎవరేం మాట్లాడినా తప్పుగా వినబడటం. బిల్లు కూడుతుంటే మూడు అంకెలు కూడా నిలిచేవి కాదు. ఒక పెద్దాయన డీఏపీ రేటు రెండోసారి అడిగినందుకే విసుక్కున్నాను. ఆయన నా మొహంలోకి చూసి, "ఏం అబ్బాయా, ఒంట్లో బాలేదా?" అన్నాడు. సిగరెట్ మానుతున్నానని చెప్పాను. అక్కడి నుంచి కొట్టుకొచ్చే రైతులందరికీ తెలిసిపోయింది. అది మంచిదే అయింది. చెప్పకుండా మానితే చిరాకు మన స్వభావం అనుకుంటారు. చెబితే ఒక నెల ఓర్చుకుంటారు.

రాత్రిళ్ళు మూడింటికి మెలకువ వచ్చేది, పిచ్చి పిచ్చి కలలు. ప్యాచ్ రాత్రి తీసేసి పడుకోమన్నారు, కలలు తగ్గాయి. తెల్లారి మాత్రం నోరు పీకేసేది, ఎందుకంటే నికోటిన్ రెండు గంటలకు సగం చొప్పున ఒంట్లోంచి దిగిపోతుంది. లేవగానే ప్యాచ్ అంటించి, అది పని మొదలుపెట్టేలోపు ఒక గమ్ బుగ్గన పెట్టుకునేవాణ్ణి. మలబద్ధకం నిజమే, అది మానినవాళ్ళలో చాలామందికి వస్తుంది. జామకాయ, నీళ్ళు, రాత్రిపూట ఇసబ్‌గోల్. రెండు వారాల్లో పేగులు సిగరెట్ లేకుండానే తమ పని తాము చేసుకున్నాయి. నోట్లో పూతలు కొన్ని రోజులు వేధించాయి. దగ్గు తగ్గుతుందనుకుంటే ఎక్కువైంది, నల్లగా కఫం పడింది. భయపడి పరిగెత్తాను. ఊపిరి గొట్టాల్లో చెత్తని పైకి ఊడ్చే సన్నని నూగు పొగకు పడిపోయి ఉంటుంది, ఇప్పుడది లేచి పని మొదలుపెట్టింది అన్నారు. కఫంలో రక్తం కనబడితే మాత్రం అది వేరే సంగతి, వెంటనే చూపించుకోవాలి.

అన్నిట్లోకీ నన్ను బెదరగొట్టింది గుండె దడ. మానిన మొదటి వారంలో చేతులు సన్నగా వణకడం, ఛాతీలో దడదడ, రాత్రి నిద్ర లేదు. గుండెకేమైనా అయిందేమోనని టెన్షన్. ఈసీజీ తీసి బాగుందన్నారు. "టీలు ఎన్ని తాగుతున్నారు?" అని అడిగారు. సిగరెట్ లేదు కదా అని రోజుకు ఏడెనిమిది దాకా లాగిస్తున్నాను. అసలు కిటుకు అక్కడుంది. పొగలోని తారు కాలేయాన్ని తొందరపెట్టి కెఫీన్‌ని గబగబా ఖర్చు చేయిస్తుంది. పొగ ఆగిపోగానే ఆ వేగం తగ్గిపోతుంది, అవే టీలు తాగినా ఒంట్లో కెఫీన్ దాదాపు రెట్టింపు నిలుస్తుంది. మనవాళ్ళు దాన్నే "సిగరెట్ మానితే ఒంటికి పడలేదు" అంటారు. టీలు సగానికి దించాను, మధ్యాహ్నం తర్వాత మానేశాను. నాలుగు రోజుల్లో దడ పోయింది. ఇదే లెక్క కొన్ని మందులకూ వర్తిస్తుంది. ఆయాసానికి డెరిఫిలిన్ లాంటి థియోఫిలిన్ మాత్రలు వాడేవాళ్ళు, కొన్ని రకాల మానసిక వైద్య మందులు వాడేవాళ్ళు సిగరెట్ మానేముందు డాక్టరుకి చెప్పి తీరాలి, మోతాదు మార్చాల్సి రావచ్చు.

సిగరెట్ కోసం ఇలా లాగడం ఎంతసేపుంటుంది? గడియారం పెట్టుకుని చూశాను. ఐదు నిమిషాలు దాటింది తక్కువ. ఆ ఐదు నిమిషాలు ఎలా గడపాలన్నదే ఉపాయం. కొట్లో అయితే లోపలి గోడౌన్‌లోకి పోయి బస్తాలు లెక్కపెట్టేవాణ్ణి. స్టాకు పుస్తకం అంత సరిగ్గా ఎప్పుడూ లేదు. ఇంకొకటి గమనించాను. దమ్ము లాగడమంటే లోతుగా ఊపిరి పీల్చి, కాసేపు ఆపి, మెల్లగా వదలడమే కదా. ఆ హాయిలో కొంత వాటా ఊపిరిదే. పొగ లేకుండా అదే పని ఓ పదిసార్లు చేస్తే భుజాలు కిందికి దిగుతాయి. నోటికి సోంపు, లవంగం, యాలక్కాయ. వక్కపొడి మాత్రం వద్దు. సిగరెట్ మానేసి వక్కకో, ఖైనీకో, గుట్కాకో మారినవాళ్ళు మా బజారులోనే ఉన్నారు. పొగాకు కలపని వట్టి వక్క కూడా నోటి కేన్సర్ తెస్తుంది. ఆ మార్పు మానడం కిందికి రాదు.

బిల్లు పుస్తకంలో రాసుకున్న జాబితా ఇక్కడ పనికొచ్చింది. ఒక్కో సిగరెట్‌కి ఒక్కో మార్పు. టీ బడ్డీకి వెళ్ళడం మానేసి టీ కొట్లోకే తెప్పించుకున్నాను, గ్లాసు బదులు స్టీలు కప్పులో. నవ్వొచ్చే సంగతే గానీ ఆ గాజు గ్లాసు వేళ్ళకు తగిలితే చెయ్యి జేబు వెతికేది. అన్నం తినగానే లేచి పళ్ళు తోముకోవడం. కంపెనీ ఫోను వస్తే కూర్చునే మాట్లాడటం. బాకీల వసూలుకి కుర్రాణ్ణి వెంటపెట్టుకెళ్ళడం, వాడి ముందు కాల్చనని. సాయంత్రం గాంధీ పార్కు దాకా నడక. ఆకలి విపరీతంగా వేసింది. మానిన ఏడాదిలో నాలుగైదు కిలోలు పెరగడం మామూలేనట. నాకూ ప్యాంట్లు బిగిశాయి. వేయించిన శనగలు, జొన్న పేలాలతో నెట్టుకొచ్చాను. బరువు తగ్గించడం తర్వాత చూసుకోవచ్చు, రెండు యుద్ధాలు ఒకేసారి వద్దన్నారు.

పొగాకు పాకెట్ల మీద 2018 నుంచి ఒక నంబరు వేస్తున్నారు, 1800-11-2356. ఫ్రీ కాల్. నేనెప్పుడూ విడి సిగరెట్లే కొనేవాణ్ణి కాబట్టి పాకెట్ వెనక ఏముందో చూసిందే లేదు. విడిగా అమ్మడం వల్ల జరిగే నష్టాల్లో ఇదొకటి, ఎవరూ చెప్పరు. ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడేవాళ్ళు దొరికారు. ఎప్పుడు మానుతారో తేదీ అడిగారు, ఆ తేదీ తర్వాత వాళ్ళే తిరిగి ఫోన్ చేసి ఎలా ఉందో కనుక్కున్నారు. కొత్త విషయాలేం చెప్పలేదు. కానీ మన గురించి ఏమీ తెలియని మనిషి మూడో రోజున "ఎలా ఉన్నారండీ?" అని అడిగితే అబద్ధం చెప్పబుద్ధి కాదు.

దసరా తర్వాత మానిన నాకు అసలు పరీక్ష సంక్రాంతికి. అది మా ఊళ్ళో ఆకు కాల్చే కాలం, అంటే బ్యారన్ అనే వేడి గదిలో పచ్చాకు ఎండబెట్టే కాలం. బ్యారన్‌లోకి పచ్చాకు ఎక్కించి, పసుపు రంగు తిరిగేదాకా సన్నటి వేడి మీద ఉంచి, తర్వాత మెల్లగా పెంచుకుంటూ ఈనె ఎండేదాకా 160 డిగ్రీల ఫారన్‌హీట్ వరకూ తీసుకెళ్ళాలి. వారం పాటు రాత్రింబవళ్ళు ఎవరో ఒకరు కాపలా ఉండి మంట, థర్మామీటరు చూసుకోవాలి. పండక్కి వెళ్ళిన నేను ఒక రాత్రి బావమరిదితో కలిసి బ్యారన్ దగ్గర కూర్చున్నాను. ఎండుతున్న ఆకు వాసన తియ్యగా చుట్టూ కమ్ముకుని ఉంది. నాకు చిత్రమనిపించిందేమంటే, అంత పొగాకు మధ్య కూర్చున్నా సిగరెట్ గుర్తుకు రాలేదు. ఆ వాసన నాకు చిన్నతనం, నాన్న, వేరుశనక్కాయలు కాల్చుకోవడం. ఒంటిగంట వేళ బావమరిది ఫ్లాస్కులోంచి టీ పోసి గ్లాసు చేతికిచ్చాడు. అగ్గిపుల్ల గీశాడు. అప్పుడు నోట్లో నీళ్ళూరాయి, కడుపులోంచి లాగింది. ప్యాచ్ ఉంది ఒంటి మీద, నికోటిన్ లోటేం లేదు. అది గ్లాసు, అగ్గిపుల్ల చప్పుడు, పక్కన బావమరిది, ఈ మూడూ కలిసి అడిగిన సిగరెట్. గమ్ బుగ్గన పెడదామంటే చేతిలో టీ. గ్లాసు కింద పెట్టేసి, లేచి వెళ్ళి కర్రలు ఎగదోసి, థర్మామీటరు చూసి వచ్చాను. ఆయన "ఒకటి కానీ బావా, ఏం కాదు" అన్నాడు. "నువ్వే నాకు ఆ టీ బడ్డీ లాంటి వాడివి, దూరంగా కూర్చో" అన్నాను. నవ్వాడు గానీ పొగ అటువైపు తిరిగి వదిలాడు.

పండగ మూడు రోజులూ మందు పార్టీకి మాత్రం పోలేదు. మానినవాళ్ళు తిరిగి మొదలుపెట్టే చోటు ఎక్కువగా అదే. రెండు పెగ్గులయ్యాక ఎవరికీ ఏ జాబితా గుర్తుండదు. పేకాటకు కూర్చున్నాను, వక్క డబ్బా పక్కకు జరిపి.

మూడు నాలుగు వారాలకి ఒంటి బాధలు దాదాపు పోయాయి. ముక్కు తెరుచుకుంది, నా కొట్టు ఇంత కంపు కొడుతుందని అప్పుడే తెలిసింది. పురుగుమందుల వాసనకి తల తిరిగి ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించాను. ప్యాచ్‌లు చెప్పిన లెక్క ప్రకారం దించి మానేశాను. గమ్ మానడానికి ఇంకొంత కాలం పట్టింది. మామూలుగా మూడు నెలలన్నారు, నాకు ఎక్కువే అయింది. 4 నుంచి 2కి, తర్వాత అది సగానికి తుంచి, మధ్యలో లవంగం. "గమ్‌కి అలవాటు పడితే?" అని అడిగితే, "సిగరెట్‌కి తిరిగి పోవడం కన్నా గమ్ ఇంకో నెల నమలడం మేలు" అన్నారు డాక్టరు. గర్భిణులు, ఈమధ్యే గుండెపోటు వచ్చినవాళ్ళు ఇవేవీ సొంతంగా కొనుక్కుని వాడకుండా ముందు చూపించుకోవాలి.

ఇప్పుడు బావమరిది వంతు. నా మిగిలిన ప్యాచ్‌లు తనకివ్వమని ఒకటే గోల. ఇవ్వలేదు, డాక్టరు దగ్గరికే తీసుకెళ్ళాను. బావమరిది అడిగిన మొదటి ప్రశ్నకి డాక్టరే కాసేపు ఆలోచించారు: "ప్యాచ్ పెట్టుకుని తడి ఆకు కోయొచ్చాండీ?" రెండు వైపులనుంచీ ఎక్కితే వికారం, దడ వస్తాయి కాబట్టి, కోతలున్న రోజుల్లో మంచు ఆరాకే చేలోకి దిగమని, నిండు చేతుల చొక్కా, గ్లవుజులు వేసుకోమని, ఆ రోజులవరకూ ప్యాచ్ ఆపి గమ్‌తో నడపమని రాసిచ్చారు. గ్లవుజులతో ఆకు కోస్తే ఊళ్ళో నవ్వుతారని ఇప్పుడాయన బెంగ.